టీమక్స్‌లో తెర దాటిపోయిన పాఠ్యాన్ని వెతకడం, కాపీ చేసుకోవడం

దూరాన ఉన్న సర్వర్‌లో నడిచే పని, ఇక్కడ మన గదిలో కరెంటు పోయినా ఆగకూడదన్న ఒక్క కారణంతో, కనెక్షన్ తెగినా టెర్మినల్ పనులను బతికించి ఉంచే టీమక్స్ అనే ప్రోగ్రామును నేర్చుకున్నవాళ్లు అనంతపురంలో నాకు తెలిసి చాలామందే ఉన్నారు. నేనూ ఆ బాపతే. తెగిపోయిన సెషన్‌ను మళ్లీ అందుకోవడం మొదటి రోజే వచ్చేస్తుంది. ఇబ్బంది రెండో రోజు మొదలవుతుంది. ప్రోగ్రాము వందల వరుసలు కక్కుతుంది, మనకు కావలసిన తప్పు సందేశం తెర దాటి పైకి వెళ్లిపోతుంది, అలవాటు కొద్దీ మౌస్ చక్రం తిప్పితే ఆ సందేశం కిందికి రాదు. దాని బదులు ఇంతకుముందు మనం ఇచ్చిన ఆదేశాలు ప్రాంప్ట్ దగ్గర ఒకదాని వెనక ఒకటి ప్రత్యక్షమవుతాయి, లేదా టీమక్స్ మొదలుపెట్టకముందటి పాత అక్షరాలు కనిపిస్తాయి.

దీనికి కారణం తెలుసుకుంటే సగం పని అయినట్టే. మామూలుగా తెర దాటిన వరుసలను దాచిపెట్టేది టెర్మినల్, అంటే మనం ఆదేశాలు కొట్టే కిటికీ. టీమక్స్ మొదలైన క్షణం నుంచి ఆ కిటికీ మొత్తాన్ని అది తన చేతిలోకి తీసుకుని, ప్రత్యామ్నాయ తెర అనే వేరే పలక మీద తానే గీయడం మొదలుపెడుతుంది. ఆ పలకకు వెనకటి వరుసల నిల్వ ఉండదు కాబట్టి టెర్మినల్ దగ్గర చూపించడానికి ఏమీ మిగలదు. నిల్వ చేసే బాధ్యత ఇప్పుడు టీమక్స్‌ది. అది ప్రతి పేన్‌కూ, అంటే తెరను విభజించినప్పుడు వచ్చే ప్రతి భాగానికీ, విడివిడిగా ఒక చరిత్రను ఉంచుతుంది. ఆ చరిత్ర ఉండేది టీమక్స్ నడుస్తున్న యంత్రపు మెమరీలో, మన ఒళ్లో ఉన్న ల్యాప్‌టాప్‌లో కాదు. అక్కడి నుంచి మనం కాపీ చేసినది ముందు టీమక్స్ బఫర్‌లోకి, అంటే దాని తాత్కాలిక నిల్వలోకి, చేరుతుంది. ఆ బఫర్ కూడా అదే యంత్రంలో ఉంటుంది. బఫర్ నుంచి మన డెస్క్‌టాప్ క్లిప్‌బోర్డ్‌కు రావడం మూడో మజిలీ. కాపీ కావడం లేదని ఎవరైనా అన్నప్పుడు నేను మొదట అడిగేది, పాఠ్యం ఈ మూడింటిలో ఎంతవరకు వచ్చి ఆగింది అని.

ఈ వ్యాసంలో ఆదేశాలను చదివినట్టుగా తెలుగులో రాస్తున్నాను; కొట్టేటప్పుడు వాటిని ఆంగ్ల అక్షరాల్లోనే కొట్టాలి, పెద్ద అక్షరమని ప్రత్యేకంగా చెప్పని చోటల్లా అది చిన్న అక్షరమే. ప్రిఫిక్స్ అంటే కంట్రోల్-బీ. ఆ రెండు మీటలనూ కలిపి నొక్కి, వదిలి, ఆ తర్వాత చెప్పిన మీటను నొక్కాలి. చెప్పినవి చాలామటుకు పాత వెర్షన్లలోనూ పనిచేస్తాయి గానీ, నేను 3.2, ఆ తర్వాతి వెర్షన్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. ఉబుంటు 22.04తో వచ్చేది 3.2ఏ, 20.04తో వచ్చేది 3.0ఏ. మీ దగ్గర ఏది ఉందో 'టీమక్స్' పక్కన హైఫన్, పెద్ద 'వీ' కొడితే తెలుస్తుంది.

చరిత్ర ఎంత పొడవు

ఉదాహరణకు ఒక చిన్న పని తీసుకుందాం. ఉమ్మడి అనంతపురం జిల్లాలోని 63 మండలాల రోజువారీ వర్షపాతాన్ని ఒక్కో ఫైలు నుంచి చదివి, మండలానికి ఒక వరుస చొప్పున తెర మీద వేసే ప్రోగ్రాము ఒకటి ఉందనుకోండి. ఏడాది లెక్క నడిపితే 63ను 365తో గుణించినన్ని, అంటే 22,995 వరుసలు వస్తాయి. టీమక్స్ తనంతట తాను ఒక పేన్‌కు ఉంచే చరిత్ర 2000 వరుసలు మాత్రమే. రోజుకు 63 వరుసల లెక్కన అది 31 రోజులకు కాస్త ఎక్కువ. అంటే పని పూర్తయ్యేసరికి మనకు మిగిలేది ఇంచుమించు డిసెంబరు నెల ఒక్కటే. తప్పు జూన్‌లోనో జూలైలోనో జరిగి ఉంటే దాన్ని ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే అది ఎప్పుడో చెరిగిపోయింది.

అందువల్ల మొట్టమొదట చేయవలసిన పని చరిత్రను పెంచుకోవడం. హోమ్ డైరెక్టరీలో '.టీమక్స్.కాన్ఫ్' అనే ఫైలు లేకపోతే కొత్తగా తెరిచి ఈ వరుస చేర్చాలి.

సెట్ -జీ హిస్టరీ-లిమిట్ 50000

ఇక్కడ చాలామంది ఒక చోట పప్పులో కాలేస్తారు. ఈ విలువ కొత్తగా పుట్టే పేన్‌లకే వర్తిస్తుంది. ఇప్పటికే తెరిచి ఉన్న పేన్ తన పాత 2000తోనే ఉంటుంది. ఫైలు మార్చి, 'టీమక్స్ సోర్స్-ఫైల్' ఆదేశంతో దాన్ని మళ్లీ చదివించి, అదే పేన్‌లో పని నడిపి, ఫలితం లేదని నిట్టూర్చేవాళ్లను చూశాను. టీమక్స్‌లోనే కొత్త విండో తెరిచి అందులో నడపాలి. మరి 50000 బదులు పది లక్షలు ఎందుకు పెట్టకూడదంటే, ఆ వరుసలన్నీ సర్వర్ మెమరీని తింటాయి, అదీ పేన్‌కు విడివిడిగా. అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్‌లో పది పేన్‌లు తెరిచే అలవాటు ఉంటే ఆ తేడా తెలిసివస్తుంది. నిజంగా లక్షల వరుసలు రాసే పనికి చరిత్ర సరైన చోటు కానే కాదు. దాని గురించి తర్వాత చెబుతాను.

కాపీ మోడ్‌లోకి వెళ్లడం, తిరగడం

ప్రిఫిక్స్ తర్వాత ఎడమ చదరపు బ్రాకెట్, అంటే [ నొక్కితే పేన్ కాపీ మోడ్‌లోకి వెళుతుంది. ప్రిఫిక్స్ తర్వాత పేజ్-అప్ నొక్కినా అదే జరుగుతుంది, పైగా ఒక పేజీ పైకి కూడా జరుగుతుంది. నాకు ఇదే నచ్చుతుంది, ఎందుకంటే కాపీ మోడ్‌లోకి వెళ్లేది పైకి వెళ్లడానికే కదా. మోడ్‌లో ఉన్నట్టు గుర్తు కుడివైపు పై మూలలో కనిపిస్తుంది. అక్కడ [412/2000] అని ఉంటే, మొత్తం 2000 వరుసల చరిత్రలో మనం అడుగు నుంచి 412 వరుసలు పైకి వచ్చామని అర్థం. లోపల నడిచే ప్రోగ్రాము ఆగదు. మనం చూస్తున్న దృశ్యం మాత్రమే నిలిచి ఉంటుంది. బయటికి రావడానికి క్యూ నొక్కాలి. ఏ మీట నొక్కినా ప్రోగ్రాముకు చేరడం లేదని కంగారుపడే సందర్భాల్లో, పై మూలన ఆ అంకెలు ఉన్నాయేమో చూసి క్యూ నొక్కితే చాలావరకు సమస్య తీరిపోతుంది.

కాపీ మోడ్‌లో మీటలు రెండు సంప్రదాయాల్లో ఉంటాయి: ఒకటి వీఐ పద్ధతి, రెండోది ఈమ్యాక్స్ పద్ధతి. రెండూ టెక్స్ట్ ఎడిటర్ల పేర్లే. మీ పర్యావరణ చరరాశులైన 'ఎడిటర్' లేదా 'విజువల్' విలువలో 'వీఐ' అన్న అక్షరాలు ఉంటే టీమక్స్ మొదటిదాన్ని, లేకపోతే రెండోదాన్ని ఎంచుకుంటుంది. అందుకే ఒక సర్వర్‌లో పనిచేసిన మీటలు ఇంకో సర్వర్‌లో పనిచేయవు. ఈ దాగుడుమూతలు వద్దనుకుంటే కాన్ఫిగరేషన్ ఫైలులో ఈ వరుస పెట్టాలి.

సెట్‌డబ్ల్యూ -జీ మోడ్-కీస్ వీఐ

వీఐ ఎడిటర్ రానివారు కూడా కాపీ మోడ్‌కు దీన్నే పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. దీనికి పెద్ద సిద్ధాంతమేమీ లేదు. ఈమ్యాక్స్ పద్ధతిలో ఎంపిక మొదలుపెట్టే మీట కంట్రోల్-స్పేస్. తెలుగు, ఆంగ్ల కీబోర్డుల మధ్య మారడానికి మనలో కొందరు పెట్టుకునేది కూడా అదే. అది టీమక్స్ దాకా చేరకుండానే మధ్యలో కీబోర్డు మారిపోతుంది. అన్నట్టు, కీబోర్డు తెలుగులో ఉన్నప్పుడు కాపీ మోడ్ మీటలు ఏవీ పలకవు. నొక్కింది జే కాదు, దాని చోట ఉన్న తెలుగు అక్షరం.

వీఐ పద్ధతిలో హెచ్, జే, కే, ఎల్ మీటలు వరుసగా ఎడమకు, కిందికి, పైకి, కుడికి కదిలిస్తాయి. బాణం మీటలూ పనిచేస్తాయి. డబ్ల్యూ తర్వాతి పదానికి, బీ వెనకటి పదానికి తీసుకెళతాయి. సున్నా వరుస మొదటికి, $ వరుస చివరికి చేరుస్తాయి. కంట్రోల్-యూ సగం పేజీ పైకి, కంట్రోల్-డీ సగం పేజీ కిందికి. చిన్న జీ చరిత్ర మొత్తానికి మొదటికి, పెద్ద జీ అడుగుకు. కదలిక మీటకు ముందు అంకె కొడితే అన్నిసార్లు జరుగుతుంది. 63 కొట్టి కే నొక్కితే మన ఉదాహరణలో సరిగ్గా ఒక రోజు వెనక్కి వెళతాం. కోలన్ నొక్కి అంకె ఇస్తే పై మూలలో కనిపించే లెక్క ప్రకారం అడుగు నుంచి అన్ని వరుసల పైకి దూకుతుంది. ఇవన్నీ ఒక్కరోజులో కంఠస్థం చేయనవసరం లేదు. వారం రోజులు పేజ్-అప్, జీ, వెతుకులాట ఈ మూడింటితో గడిపినా పని నడుస్తుంది.

వెతుకులాట

చరిత్ర పెద్దదయ్యాక కళ్లతో వెతకడం వృథా ప్రయాస. కాపీ మోడ్‌లో ప్రశ్న గుర్తు, అంటే ? నొక్కి పదం కొట్టి ఎంటర్ నొక్కితే ఉన్న చోటి నుంచి పైకి వెతుకుతుంది. ఏటవాలు గీత, అంటే / నొక్కితే కిందికి వెతుకుతుంది. ఎన్ మళ్లీ అదే దిక్కులో, పెద్ద ఎన్ ఎదురు దిక్కులో. ఈమ్యాక్స్ పద్ధతిలో ఉన్నవారికి పైకి వెతకడం కంట్రోల్-ఆర్, కిందికి వెతకడం కంట్రోల్-ఎస్. పదం మొత్తం చిన్న అక్షరాల్లో కొడితే పెద్ద, చిన్న తేడా చూడదు; ఒక్క పెద్ద అక్షరం ఉన్నా ఖచ్చితంగా అలాగే ఉన్నదాన్నే పట్టుకుంటుంది.

ఏ దిక్కున వెతకాలన్నది అనుకున్నదాని కంటే ముఖ్యమైన విషయం. కాపీ మోడ్‌లోకి వెళ్లగానే మనం అడుగున ఉంటాం కాబట్టి ప్రశ్న గుర్తుతో వెతికితే దొరికేది అన్నింటికంటే చివరి తప్పు. కానీ ప్రోగ్రాములు ఒక తప్పు జరిగాక దాని వెంట ఇరవై తప్పులు వరుసగా చెబుతాయి. అసలు కారణం మొదటిదాంట్లో ఉంటుంది. మన ఉదాహరణలో జూన్ 14న ఉరవకొండ ఫైలు తెరుచుకోలేదనుకోండి, ఆ తర్వాత నెల మొత్తం కూడిక తప్పిందని, సగటు రాలేదని, పట్టిక నిండలేదని వచ్చే ఫిర్యాదులన్నీ దాని పిల్లలే. అందువల్ల నేను ముందు చిన్న జీ నొక్కి చరిత్ర మొదటికి వెళ్లి, అక్కడి నుంచి / తో కిందికి వెతుకుతాను. మొదటి దెబ్బకే అసలు వరుస దొరుకుతుంది. వానలు తక్కువ పడే జిల్లా కావడంతో సున్నాలు నిండిన వరుసల మధ్య ఆ ఒక్క వరుసను కంటితో పట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

ఒక ఆదేశం ఎక్కడ మొదలైందో తెలుసుకోవడానికి మీ ప్రాంప్ట్‌లో ఎప్పుడూ కనిపించే యూజర్ పేరును వెతకడం మంచి ఉపాయం. ప్రశ్న గుర్తు నొక్కి ఆ పేరు ఇస్తే, ఎన్ నొక్కినప్పుడల్లా ఒక్కో ఆదేశం వెనక్కి వెళుతుంది. ప్రాంప్ట్ చివర ఉండే $ గుర్తును వెతకవద్దు. కొత్త వెర్షన్లలో వెతుకులాట రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే కొన్ని గుర్తులకు ప్రత్యేక అర్థమిచ్చే నమూనాల, నియమాలను పాటిస్తుంది, అందులో ఆ గుర్తుకు వరుస చివర అనే వేరే అర్థం ఉంది.

ఒక చోటును గుర్తుపెట్టుకుని ఇంకో చోటు చూసి తిరిగి రావాలంటే పెద్ద ఎక్స్ నొక్కితే ఆ వరుసకు గుర్తు పడుతుంది. ఆల్ట్‌తో చిన్న ఎక్స్ నొక్కితే మళ్లీ అక్కడికే వస్తాం.

మీరు వెతికేది అసలు చరిత్రలోకే రాలేదన్న సంగతి కూడా ఒక్కోసారి ఎదురవుతుంది. 'లెస్', 'విమ్', మాన్యువల్ పేజీల వంటి తెర నిండే ప్రోగ్రాములు, టీమక్స్ టెర్మినల్‌తో చేసినట్టే, టీమక్స్ లోపల ఇంకో ప్రత్యామ్నాయ తెర మీద గీస్తాయి. వాటి నుంచి బయటికి రాగానే ఆ అక్షరాలు మాయమవుతాయి, చరిత్రలో జాడ ఉండదు. అలాంటి పాఠ్యం తర్వాత అవసరమవుతుందనుకుంటే 'క్యాట్' తో తెర మీద పోయించడమే మార్గం.

ఎంపిక, కాపీ

వీఐ పద్ధతిలో మొదలు కావలసిన అక్షరం మీద కర్సర్ ఉంచి స్పేస్ నొక్కాలి, చివరిదాకా కదలాలి, ఎంటర్ నొక్కాలి. పాఠ్యం బఫర్‌లోకి చేరుతుంది, కాపీ మోడ్ ముగుస్తుంది. ఈమ్యాక్స్ పద్ధతిలో కంట్రోల్-స్పేస్‌తో మొదలుపెట్టి ఆల్ట్-డబ్ల్యూతో ముగించాలి. పెద్ద వీ నొక్కితే వరుస మొత్తం ఎంపికవుతుంది. ఎంపిక చేస్తుండగా మొదటి కొసను సవరించాలనిపిస్తే ఓ నొక్కితే కర్సర్ అటు కొసకు దూకుతుంది. ఎంపిక వద్దనుకుంటే ఎస్కేప్. ఇప్పటికే బఫర్‌లో ఉన్నదాని చివర ఇంకొంత చేర్చాలంటే ఎంటర్ బదులు పెద్ద ఏ నొక్కాలి; దూరదూరంగా ఉన్న మూడు తప్పు సందేశాలను ఒకే కట్టగా పంపాలన్నప్పుడు దీని విలువ తెలుస్తుంది.

ఎంపికకు వీ, కాపీకి వై నొక్కడం వేళ్లకు అలవాటైన విమ్ వాడుకరులు ఈ రెండు వరుసలు పెట్టుకోవచ్చు. వీటిలో హైఫన్ తర్వాత వచ్చే టీ, ఎక్స్ అక్షరాలు పెద్దవి.

బైండ్ -టీ కాపీ-మోడ్-వీఐ వీ సెండ్ -ఎక్స్ బిగిన్-సెలెక్షన్
బైండ్ -టీ కాపీ-మోడ్-వీఐ వై సెండ్ -ఎక్స్ కాపీ-పైప్-అండ్-క్యాన్సిల్

మొదట్లో చిన్న వీ మీటకు చదరపు ఎంపిక అనే పని ఉంటుంది. దాన్ని ఇలా మార్చినా కంట్రోల్-వీ దగ్గర ఆ పని అలాగే మిగిలి ఉంటుంది. చదరపు ఎంపిక అంటే వరుసలన్నింటినీ కాకుండా ఒక నిలువు పట్టీని మాత్రమే తీసుకోవడం. మండలం, తేదీ, మిల్లీమీటర్లు అన్న మూడు పట్టీల్లో మిల్లీమీటర్ల అంకెలను మాత్రమే తీసి స్ప్రెడ్‌షీట్‌లో వేయాలంటే ఇంతకంటే సులువు ఉండదు.

కాకపోతే మండలాల పేర్లు తెలుగులో ఉంటే ఈ చదరం వంకర పోతుంది. టెర్మినల్ అనేది గడుల పలక. ఒక్కో అక్షరానికి ఒక్కో గడి అన్న ఆంగ్లపు లెక్క మీద అది నిలబడింది. తెలుగులో గుణింతపు గుర్తులకూ ఒత్తులకూ ఆ లెక్క పొసగదు. యూనికోడ్ వర్గీకరణ ప్రకారం గుడి, ఎత్వం వంటివి గడి అక్కరలేని గుర్తులు; కొమ్ము, కొమ్ముదీర్ఘం మాత్రం స్థలం తీసుకునే గుర్తులు. ఆ రకంగా 'కళ్యాణదుర్గం', 'తాడిపత్రి' అన్న రెండు పేర్లు ఎన్నెన్ని గడులు తీసుకుంటాయన్న విషయంలో టీమక్స్ లెక్క ఒకటి, టెర్మినల్ గీసేది ఒకటి, మన కంటికి కనిపించేది ఇంకొకటి కావచ్చు. కర్సర్ ఒక అక్షరం మీద ఉన్నట్టు కనిపిస్తూ నిజానికి పక్కదాని మీద ఉంటుంది. వరుసలు వరుసలుగా కాపీ చేస్తే ఏ నష్టమూ ఉండదు. లోపలి అక్షరాలు చెక్కుచెదరకుండా వస్తాయి. నిలువు పట్టీ తీసేటప్పుడే తేడా వస్తుంది. నా ప్రోగ్రాములో ఇప్పుడు తేదీ, అంకెలు ముందు, తెలుగు పేరు వరుస చివర ఉంటాయి; ఒత్తులు ఎంత జరిగినా ముందున్న అంకెల వరుస చెదరదు. ఇక తెలుగు బదులు ప్రశ్న గుర్తులో అడ్డగీతలో కనిపిస్తుంటే అది వేరే సమస్య. సర్వర్ లోకేల్, అంటే భాషకూ అక్షరాలకూ సంబంధించిన అమరిక, యూటీఎఫ్-8లో లేదని దాని అర్థం. లోకేల్ సరిచేయాలి, అది మన చేతిలో లేకపోతే టీమక్స్‌ను హైఫన్ యూ తో మొదలుపెట్టాలి.

బఫర్లు, అతికించడం

కాపీ చేసినది అతికించడానికి ప్రిఫిక్స్ తర్వాత కుడి చదరపు బ్రాకెట్, అంటే ]. ఇది అదే టీమక్స్‌లోని ఏ పేన్‌లోనైనా పనిచేస్తుంది. టీమక్స్ చివరి కాపీని మాత్రమే కాక, మామూలుగా 50 బఫర్ల వరకు దాచి ఉంచుతుంది. ప్రిఫిక్స్ తర్వాత = నొక్కితే వాటి జాబితా వస్తుంది; కావలసినదాని మీద ఎంటర్ నొక్కితే అతుకుతుంది, డీ నొక్కితే చెరిగిపోతుంది.

అతికించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. బఫర్‌లో వరుస ముగిసిన ప్రతిచోటా షెల్‌కు, అంటే మన ఆదేశాలను అమలు చేసే ప్రోగ్రాముకు, అది ఎంటర్ నొక్కినట్టే అనిపించవచ్చు; అప్పుడు మొదటి వరుస మనం చూసుకునేలోపే అమలైపోతుంది. కొత్త షెల్‌లు అతికించిన పాఠ్యాన్ని వేరుగా గుర్తించి ఆగుతాయి గానీ, పాత సర్వర్ మీద ఆ నమ్మకం పెట్టుకోకూడదు. తొలగించే ఆదేశాలు ఉన్న పాఠ్యాన్ని నేను నేరుగా ప్రాంప్ట్ దగ్గర అతికించను. ముందు ఎడిటర్‌లో అతికించి చూసుకుంటాను.

మౌస్

మౌస్ మీద ఆధారపడడం తప్పేమీ కాదు. కాన్ఫిగరేషన్‌లో 'సెట్ -జీ మౌస్ ఆన్' అని రాస్తే చక్రం తిప్పగానే కాపీ మోడ్ తెరుచుకుంటుంది, అడుగుకు రాగానే తనంతట తాను మూసుకుంటుంది. లాగి వదిలితే ఎంపికైనది బఫర్‌లోకి వెళుతుంది. మౌస్ ఆన్ చేశాక టెర్మినల్ తనదైన పాత పద్ధతిలో ఎంపిక చేయాలంటే షిఫ్ట్ పట్టుకుని లాగాలి. మ్యాక్‌లోని ఐటెర్మ్2లో అది ఆప్షన్ మీట.

ఈ రెండు రకాల ఎంపికల తేడా తెలియక నేను ఒకసారి తలవంపులు తెచ్చుకున్నాను. ఎడమ పేన్‌లో ప్రోగ్రాము, కుడి పేన్‌లో నా సొంత లెక్కల కాగితం లాంటి ఫైలు తెరిచి ఉంది. తప్పు సందేశాన్ని టెర్మినల్ ఎంపికతో లాగి, చూసుకోకుండా మెయిల్‌లో అతికించి పంపాను. టెర్మినల్‌కు పేన్‌ల సంగతి తెలియదు. దానికి కనిపించేది ఒకే పలక. ప్రతి వరుసలో సగం తప్పు సందేశం, మధ్యలో నిలువు గీత, ఆ తర్వాత ఆ నెల ఇంటి ఖర్చుల పద్దు. అవతలి పెద్దమనిషి మర్యాదస్తుడు కాబట్టి, సందేశం సరిగా రాలేదు, మళ్లీ పంపగలరా అని మాత్రమే రాశాడు. కాపీ మోడ్‌లో ఎంపిక ఎప్పుడూ పేన్ హద్దు దాటదు. పైగా పొడవై కింది వరుసలోకి మడిచిన వాక్యాన్ని కాపీ మోడ్ మళ్లీ ఒకే వరుసగా కలిపి ఇస్తుంది, టెర్మినల్ ఎంపిక ముక్కలుగానే ఇస్తుంది. టెర్మినల్ ఎంపికే కావాలనుకునే సందర్భంలో ముందు ప్రిఫిక్స్, జెడ్ నొక్కి ఆ పేన్‌ను తెర నిండా విస్తరించుకోవాలి. మళ్లీ అవే మీటలు నొక్కితే పాత అమరికకు వస్తుంది.

బఫర్ నుంచి మన క్లిప్‌బోర్డ్‌కు

మూడో మజిలీ ఇది. టీమక్స్ మీ ముందున్న యంత్రంలోనే నడుస్తుంటే పని తేలిక. బఫర్‌లోకి వెళ్లే పాఠ్యాన్ని క్లిప్‌బోర్డ్ ప్రోగ్రాముకు కూడా పంపమని ఒక వరుస రాస్తే చాలు.

సెట్ -ఎస్ కాపీ-కమాండ్ 'ఎక్స్‌క్లిప్ -సెలెక్షన్ క్లిప్‌బోర్డ్'

కొత్త లినక్స్ డెస్క్‌టాప్‌లలో తెరను గీసే వేలాండ్ అనే వ్యవస్థ మీద నడిచే డెస్క్‌టాప్ అయితే ఎక్స్‌క్లిప్ ఆదేశం చోట 'డబ్ల్యూఎల్-కాపీ', మ్యాక్ అయితే 'పీబీకాపీ' రాయాలి. పైన వై మీటకు కట్టిన ఆదేశం ఈ విలువనే వాడుకుంటుంది.

టీమక్స్ దూరపు సర్వర్‌లో ఉంటే ఈ వరుస పనిచేయదు, చేయడానికి వీల్లేదు కూడా. ఎక్స్‌క్లిప్ నడిచేది సర్వర్‌లో. అక్కడ డెస్క్‌టాప్ లేదు, క్లిప్‌బోర్డ్ లేదు. హైదరాబాదులోనో ముంబయిలోనో ఉన్న యంత్రానికి అనంతపురంలోని మన ల్యాప్‌టాప్ క్లిప్‌బోర్డ్ ఎలా కనిపిస్తుంది? దీనికి మార్గం ఓఎస్‌సీ 52 అనే టెర్మినల్ సంకేతం. టీమక్స్ కాపీ చేసిన పాఠ్యాన్ని ఒక ప్రత్యేక సంకేతంలో చుట్టి తెర అక్షరాలు వచ్చే దారిలోనే పంపుతుంది. మన టెర్మినల్ దాన్ని తెర మీద గీయకుండా విప్పి క్లిప్‌బోర్డ్‌లో పెడుతుంది. టీమక్స్ వైపు దీని అమరిక 'సెట్-క్లిప్‌బోర్డ్'. ఇప్పటి వెర్షన్లలో దాని తొలి విలువ 'ఎక్స్‌టర్నల్'. అంటే కాపీ మోడ్‌లో మనం తీసినది బయటికి వెళుతుంది గానీ, లోపల నడిచే ప్రోగ్రాములు తమంతట తాము బఫర్‌లోకి రాయలేవు. అది సరైన విలువే, మార్చనక్కరలేదు.

మిగిలింది టెర్మినల్ వైపు. కిట్టీ, అలాక్రిటీ, విండోస్ టెర్మినల్ వంటి టెర్మినల్ ప్రోగ్రాములు ఈ సంకేతాన్ని అర్థం చేసుకుంటాయి. ఐటెర్మ్2లో సెట్టింగుల్లోకి వెళ్లి ప్రోగ్రాములకు క్లిప్‌బోర్డ్ అనుమతి ఇవ్వాలి. ఎక్స్‌టర్మ్ భద్రత దృష్ట్యా తొలుత దీన్ని మూసే ఉంచుతుంది. బఫర్‌లో ఉన్నదనీ, ] తో అతుకుతున్నదనీ నిర్ధారించుకున్న తర్వాత కూడా క్లిప్‌బోర్డ్‌కు రాకపోతే, సర్వర్‌ను వేధించడం మానేసి మన టెర్మినల్ సెట్టింగులు చూసుకోవాలి.

ఫైలులోకి తీసుకోవడం

కాపీ చేయవలసినది పది వరుసలైతే ఇంతవరకు చెప్పినది సరిపోతుంది. వేల వరుసలైతే క్లిప్‌బోర్డ్ దాకా తేవడం అనవసరం. చరిత్ర మొత్తాన్ని సర్వర్‌లోనే ఫైలుగా రాసుకోవచ్చు. ఈ వరుసలో జే, ఎస్ పెద్ద అక్షరాలు.

టీమక్స్ క్యాప్చర్-పేన్ -పీ -జే -ఎస్ - > వాన.టెక్స్ట్

హైఫన్ పీ వల్ల పాఠ్యం బఫర్‌కు కాక బయటికి వస్తుంది. పెద్ద ఎస్ తర్వాత విడిగా ఉన్న హైఫన్ చరిత్ర మొదటి నుంచి అని చెబుతుంది. పెద్ద జే మడిచిన వరుసలను కలుపుతుంది. మొత్తం వద్దు, చివరి 500 వరుసలు చాలంటే ఆ విడి హైఫన్ చోట -500 అని రాయాలి. అప్పుడు పైకి పోయిన 500 వరుసలతోపాటు తెర మీద ఉన్నవీ వస్తాయి. ఆ తర్వాత వరుసలు వెతకడానికి గ్రెప్, పట్టీలు విడదీయడానికి ఆక్ అనే ఆదేశాలు ఉన్నాయి. నిలువు పట్టీ వంకర పోతుందన్న బాధ కూడా ఇక్కడ లేదు.

ముందుగానే పొడవైన పని అని తెలిస్తే, చరిత్రను నమ్ముకోకుండా మొదటి నుంచే ఫైలులోకి రాయించాలి. 22,995 వరుసల మన ఉదాహరణ అలాంటిదే. ప్రోగ్రాము నడిపేటప్పుడే 'టీ' ఆదేశానికి కలిపితే తెర మీదా ఫైలులోనూ పడుతుంది. మొదలుపెట్టాక గుర్తొస్తే, ప్రిఫిక్స్ తర్వాత కోలన్ నొక్కి ఈ ఆదేశం ఇవ్వవచ్చు.

పైప్-పేన్ -ఓ 'క్యాట్ >> వాన.లాగ్'

అక్కడి నుంచి ఆ పేన్‌లో వచ్చే ప్రతి అక్షరం ఆ ఫైలుకు చేరుతుంది. అదే ఆదేశం మళ్లీ ఇస్తే ఆగుతుంది. రంగుల సంకేతాలు కూడా ఫైలులో పడతాయి కాబట్టి చూడడానికి కాస్త గజిబిజిగా ఉంటుంది, కానీ ఏదీ పోదు.

టీమక్స్ లేని పాత సర్వర్‌లో, అదే పని చేసే స్క్రీన్ అనే ప్రోగ్రాము మాత్రమే దొరికితే పద్ధతి ఇదే, మీటలు వేరు. 1987లో వచ్చిన గ్నూ స్క్రీన్ ప్రిఫిక్స్ కంట్రోల్-ఏ. దాని తర్వాత [ నొక్కి, మొదటి కొస దగ్గర ఒకసారి, రెండో కొస దగ్గర ఒకసారి స్పేస్ నొక్కి, కంట్రోల్-ఏ తర్వాత ] తో అతికించాలి. 2007లో మొదలైన టీమక్స్ ఈ రెండు బ్రాకెట్ల అలవాటును అలాగే నిలుపుకుంది.

కళాశాల ల్యాబుల్లోనూ చిన్న ఆఫీసుల్లోనూ ఒకే లాగిన్‌ను నలుగురు వాడుకోవడం మన దగ్గర సాధారణం. అలాంటి చోట కాపీ చేసిన పాస్‌వర్డ్ బఫర్ల జాబితాలో అలాగే ఉంటుంది; మన తర్వాత కూర్చున్నవారు ప్రిఫిక్స్, = నొక్కితే చాలు, కనిపిస్తుంది. ప్రిఫిక్స్ తర్వాత హైఫన్ నొక్కితే అన్నింటికంటే కొత్త బఫర్ చెరిగిపోతుంది. తెర మీద పడిన పాస్‌వర్డ్ అయితే ఆ పేన్ చరిత్రలోనూ ఉంటుంది కాబట్టి, ముందు తెరను ఖాళీ చేసి, ఆ తర్వాత ప్రిఫిక్స్, కోలన్ నొక్కి 'క్లియర్-హిస్టరీ' అని ఇచ్చి లేవాలి.